ఊగిన బండిగూడు

దివాన్ గంగరాజుగారి గుర్రబ్బండి పరుగందుకుంటే చాలు, పైనున్న గూడు గడగడా ఊగేది. "రేపటికల్లా ఊరొదిలి పో!" అని బండి చేసిన వడ్రంగి అప్పలాచారిని గద్దించాడాయన.

ఆచారి కోడలు సూరమ్మ అడ్డొచ్చింది. "దొరా, ఈ రెండు ముంతల్లో సగానికి మజ్జిగ పోశాను. ఒకటి పక్కన కుదురులో పెట్టి, రెండోది మీ రెండు చేతులతో పట్టుకుని కూర్చోండి. అప్పుడూ గూడు ఊగితే వెళ్లిపోతాం."

బండి దౌడు తీసింది. గూడు కదల్లేదు. కుదురులో ముంత తొణకలేదు. దివాను చేతిలోది మాత్రం పంచె నిండా ఒలికింది. చూశారా, ఇన్నాళ్లూ ఆయన భయంతో గూటికొయ్య పట్టుకుని వణికేవాడన్నమాట!

తిరిగొచ్చి బండి దిగిన దివాను తల దించుకున్నాడు. "అమ్మా, ఈ సంగతి..."

"ఏ సంగతి దొరా? మజ్జిగ పులిసిందని పారబోశారు, అంతేగా!"

ఆ తల ఇంకాస్త వాలిపోయింది. "ఆచారీ, నువ్వు ఊళ్లోనే ఉండు" అని, ఇంటికి నడిచే వెళ్లాడు.