పీకేసే కుట్టు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక నేరేడు చెట్టు. ఆ చెట్టు తొర్రలో చారలమ్మ అనే ఉడుత తన కూతురు తురాయితో ఉండేది. చారలమ్మ కుట్టుపనిలో దిట్ట. పొద్దున గుడ్డ కత్తిరిస్తే మధ్యాహ్నానికి గౌను తొడిగేసేది. ఎవరూ అడగకపోయినా ఆ సంగతి తనే చెప్పుకునేది కూడా.

తురాయికి పెళ్లి కుదిరింది.

"అమ్మా, నా పెళ్లిగౌను నువ్వే కుట్టాలి. పైన లేసు ఉండాలి," అంది తురాయి.

"ఓస్, అంతేనా?" అంది చారలమ్మ.

తెల్లటి గుడ్డ ఇంట్లోనే ఉంది. లేసు మాత్రం సాలీడు అవ్వ అల్లింది. నెల రోజులు కళ్లు చికిలించుకుని, లేసంతా జాజిపూలు తీర్చింది. ఇంకోటి అల్లే ఓపిక ఆ ముసలి కాళ్లకు లేదు.

"చూడమ్మాయ్, లేసు జారిపోయే సరుకు," అంది అవ్వ. "గుడ్డ మీద పరిచి ముందు కచ్చా కుట్టు వెయ్యి. పిల్లకు తొడిగి నడిపించు, కూర్చోబెట్టు, చేతులెత్తించు. అన్నీ బాగున్నాకే అసలు కుట్టు."

కచ్చా కుట్టంటే తెలుసా పిల్లలూ? పెద్దపెద్దగా, వదులుగా వేసే కుట్టు. అసలు కుట్టు పడ్డాక దాన్ని పీకేస్తారు.

చారలమ్మ బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చాక బుద్ధి మారింది.

"ఎలాగూ పీకేసే కుట్టు, వెయ్యడం దేనికి? ఆలస్యం అమృతం విషం అన్నారు," అనుకుని టకటకా అసలు కుట్టే వేసేసింది. మధ్యాహ్నానికి గౌను తయారు. తురాయి తొడుక్కుంది.

తురాయి నడిచింది. లేసు ఎడమపక్కకు ఈడ్చుకుపోయింది.

"కాసేపుంటే సర్దుకుంటుందిలే," అంది చారలమ్మ.

తురాయి కూర్చుంది. జాజిపూలన్నీ ముడతలుపడి ఒకచోట పోగయ్యాయి.

"పెళ్లిలో నిన్ను కూర్చోమన్నదెవరు?" అంది చారలమ్మ.

తురాయి చేతులెత్తింది. చంక దగ్గర లేసు పర్రుమని చిరిగింది.

చారలమ్మ చిరుగును దగ్గరికి లాగి చూసింది. పెళ్లి ఎల్లుండే. ఇంకో లేసు లేదు.

తురాయి తల్లి ముఖం చూసి, "పోనీలే అమ్మా. చేతులెత్తకుండానే దండ వేస్తాను. పెళ్లికొడుకు పొడగరి కదా, ఆయన్నే వంగమంటాను," అంది.

కూతురు తిట్టినా బాగుండేది. ఆ మాటకు చారలమ్మకు ఏడుపొచ్చింది. చిరుగు మీద ఒక పువ్వు అతికిస్తే ఎవరికీ తెలియదు. కానీ పెళ్లినాడు తన పిల్ల చేతులు ముడుచుకుని నిలబడాలా? గౌను తీసుకుని, తలవంచుకుని అవ్వ దగ్గరికి వెళ్లింది.

"అవ్వా, నీ మాట వినలేదు. నీ నెల కష్టం చింపేశాను."

అవ్వ చిరుగును కాలి కొసతో తడిమి చూసింది. బాధ పడిందనే చెప్పాలి.

"చిరుగు నేను అల్లుతాను. కుట్లు నువ్వు విప్పు, ఒక్కొక్కటే. ఈసారి నీ వేగం చూపించావంటే ఊరుకోను," అంది.

కుట్లు విప్పేసరికి సాయంత్రమైంది. ఆ రాత్రే అవ్వ చిరుగు అల్లేసింది. తెల్లారి చారలమ్మ కచ్చా కుట్టు వేసి, తురాయికి గౌను తొడిగింది. నడిస్తే లేసు చక్కగా నిలిచింది. కూర్చుంటే పువ్వులు నలగలేదు. చేతులెత్తితే మాత్రం కుడివైపు కాస్త పట్టేసింది. తురాయి కుడిభుజం ఎడమదానికంటే రవ్వంత ఎత్తు. కన్నతల్లికే ఆ సంగతి ఇన్నాళ్లూ తెలియదు!

చారలమ్మ అక్కడ కొంచెం వదులు చేసి, మళ్లీ కచ్చా కుట్టు వేసింది. మళ్లీ చేతులెత్తించింది. ఇప్పుడు ఎక్కడా పట్టలేదు. అప్పుడు నిదానంగా అసలు కుట్టు వేసి, కచ్చా పోగులు లాగేసింది.

పెళ్లిలో తురాయి చేతులు నిండుగా పైకెత్తి, పొడగరి పెళ్లికొడుకు మెడలో దండ వేసింది. లేసు మీద ఒక్క పువ్వు కదల్లేదు. చారలమ్మ కళ్లు తుడుచుకుంది.

పక్కచెట్టు కాకమ్మ గౌను చుట్టూ తిరిగి, "ఎంత బాగుందే! నీకైతే ఒక్క పూట పని కదూ?" అంది.

"లేదు వదినా, రెండు రోజులు పట్టింది. అందులో సగం సేపు పీకేసే కుట్లే వేశాను," అంది చారలమ్మ. ఆ మాట కూడా గొప్పగానే చెప్పుకుంది.

నీతి: చివరికి కనబడదు కదా అని ముందు చేయాల్సిన పని మానేస్తే, కనబడే పని నిలవదు.