పోలినాయుడి ఏనుగు

కోనదుర్గం యుద్ధంలో పోరాడిన బంట్లకు రాజుగారు మాన్యాలు ఇస్తున్నారని విని, ముసలి బంటు పోలినాయుడు కుంటుకుంటూ కచేరీకి వచ్చాడు. కొలువు చాలించినప్పుడు ఇచ్చిన పత్రం చూపించాడు.

ఆ పత్రం రాసిన రాయసం చిదంబరయ్య పెదవి విరిచాడు. "యుద్ధానికి ఏడాది ముందే కొలువు మానేశావని ఇందులో ఉంది. నీకు మాన్యం రాదు."

"తేదీ తప్పు పడింది బాబూ! ఈ కాలు విరిగింది ఆ యుద్ధంలోనే."

"నా రాతలో తప్పుండదు!"

పోలినాయుడు చేతులు జోడించాడు. "మీరు చల్లగా ఉండాలి బాబూ! ఆ యుద్ధంలో శత్రువుల పట్టపుటేనుగును పట్టింది నేనేనని ఊరంతా ఎరుగును. కొలువులో ఉన్న బంటు ఏది పట్టినా రాజుగారి సొత్తు. కొలువు మానేసినవాడు పట్టింది వాడిదే కదా! ఇప్పించండి, తోలుకుపోతాను."

చిదంబరయ్యకు ముచ్చెమటలు పోశాయి. రాజుగారు ఊరేగేది ఆ ఏనుగు మీదే! గబగబా తేదీ దిద్ది, ముద్ర వేసి, మాన్యం పట్టా చేతిలో పెట్టాడు.

పోలినాయుడు దాన్ని కళ్లకద్దుకున్నాడు. "మీ మేలు ఈ జన్మలో మరవను బాబూ!"

"ఇంత ఇరకాటంలో పెట్టి మళ్లీ మేలంటావేమిటయ్యా?"

"మేలు కాదా మరి? మీరు దిద్దకపోతే, ఆ ఏనుగును మేపలేక నేనేమైపోయేవాణ్ణి!"