కమ్మరి ముందెక్కిన కొండ

అనగనగా ఒక కాలం. రాజుల కాలం కాదు, సైకిలు పోతుంటే చూడ్డానికి ఊరంతా వీధిలోకి వచ్చే కాలం. గుండ్లకొండ కింద మొగిలాచారి అని ఒక కమ్మరి ఉండేవాడు. కొడవలికి పళ్ళు కొట్టడంలో చుట్టుపక్కల ఏడూళ్ళలో ఆయన తర్వాతే ఎవరైనా.

ఆ ఊరికంతా ఉన్నది ఒకటే సైకిలు. అది మంత్రసాని తిరుపాలమ్మది. కొండ మీది పల్లెలో ఎవరికి నొప్పులొచ్చినా ఆవిడ దాని మీదే పోవాలి. ఒకనాడు చైను తిప్పే పళ్ళ చక్రం అరిగిపోయింది.

"కొత్తది చేసిస్తావా ఆచారీ?" అంది.

"పళ్ళే గదక్కా! నా చేతిలో పని" అన్నాడు మొగిలాచారి.

చేశాడు. కొడవలి పళ్ళలాగే వాడిగా, ఒక పక్కకి వంచి చేశాడు. చైను ఆ పళ్ళలో ఇరుక్కుంది, మళ్ళీ వదల్లేదు. తిరుపాలమ్మ నడివీధిలో బోర్లా పడింది. మొగిలాచారి ఇరుక్కున్న చైను ఊడదీసి చూశాడు. తన చేతి పళ్ళు తప్పడమా!

మళ్ళీ చేశాడు. ఈసారి పొట్టిగా, మొద్దుగా చేశాడు. చదును నేల మీద బాగానే తిరిగింది.

"ఒక్కసారి నువ్వు దీని మీద కొండెక్కి చూడు ఆచారీ" అంది తిరుపాలమ్మ.

"శివశివా! కొత్త పనిముట్టు కమ్మరి ముందు వాడితే తీసుకున్నోళ్ళకి అచ్చిరాదక్కా." అది వాళ్ళ తాతలనాటి కట్టడి.

నెల తిరక్కుండానే కొండ మీద ఒక పిల్లకి నొప్పులొచ్చాయి. ఎవరో కాదు, ఆ పల్లెకిచ్చిన మొగిలాచారి కూతురు కాటమ్మే. తిరుపాలమ్మ సైకిలెక్కింది. ఎత్తు మొదలవగానే చైను పళ్ళ మీదికెక్కి జారింది. పెట్టుకుంది, జారింది. పెట్టుకుంది, జారింది. సైకిలు అక్కడే పారేసి పరుగెత్తింది. పోయేసరికి బిడ్డ కేరుమంటోంది. తల్లి లేదు.

కబురు విని మొగిలాచారి ఏడవలేదు. "నా చక్రమా?" అన్నాడు. మూడుసార్లు అదే అడిగాడు.

పెద్దకర్మ అయిన మర్నాడే కొలిమి ముట్టించాడు. పలచని మట్టిబిళ్ళ చేసి, దాని చుట్టూ చైను చుట్టి అదిమాడు. తీసి చూస్తే చుట్టూ గుండ్రని గుంటలు. పళ్ళంటే ఆ గుంటల మధ్య మిగిలిన మట్టే! నిర్ఘాంతపోయాడు. ఇన్నాళ్ళూ పన్నే చూశాడు గానీ, చైను కూర్చునే పల్లం చూడలేదు. ఇనపబిళ్ళ అంచున ముందు పల్లాలు ఆకురాయితో గుండ్రంగా రాశాడు. పళ్ళు వాటంతటవే వచ్చాయి.

తిరుపాలమ్మ సైకిలుకి ఆ చక్రం బిగించి, కట్టడి కాదని తనే ఎక్కాడు. పుట్టి బుద్ధెరిగి సైకిలెక్కని అరవయ్యేళ్ళ మనిషి! ఊరు కొయ్యబారి చూసింది. పడ్డాడు, లేచాడు. మోకాళ్ళు చీరుకుపోయాయి. మూడుసార్లు కొండెక్కాడు. చైను ఒక్కసారి కూడా జారలేదు. మూడోసారి పైన మనవరాలిని ఎత్తుకుని అప్పుడు ఏడ్చాడు.

"ముందే ఎక్కుంటే నీకు అమ్మ ఉండేది గదే తల్లీ!"

ఆయన పోయి ఎన్నేళ్ళయిందో లెక్క తెలిసినవాళ్ళు లేరు. ఈనాటికీ గుండ్లకొండ కింద సైకిలైనా, నాగలైనా, చివరికి ఉయ్యాలైనా సరే, చేసినవాడు తెచ్చి ముందు పెడితే జనం ఒకటే అడుగుతారు.

"ఎక్కినావా?"

"ఎక్కినా" అని వాడు అనేదాకా ఎవరూ చెయ్యి చాపరు.