ఎండ తగలని టోపీ

ఆ రాజ్యంలో ఎండాకాలం పది నెలలు. మిగిలిన రెండు నెలలు ఉక్కపోత.

ఒక ఏడు రాజుకు కోట నుంచి ఏటి దాకా బాట వేయించాలని బుద్ధి పుట్టింది. బాటకు రాళ్లు కొట్టేవాళ్లు తాటాకుతో అల్లుకున్న వెడల్పాటి టోపీలు పెట్టుకుని పనిలో కూర్చున్నారు. రాజు మేడ మీంచి చూశాడు. కనుచూపు మేర చాటలు బోర్లించినట్టు కనిపించింది. ఆయనకు చాటలు నచ్చవు. సాయంత్రానికల్లా తాటాకు టోపీలన్నీ పోగేసి తగలబెట్టారు.

మర్నాటి నుంచి మనుషులు పడిపోవడం మొదలైంది. పడిన మనుషులు బాటకు అడ్డం. పని ఆగింది. అప్పుడు రాజుకు జాలి కలిగింది. రాజులకు జాలి పని ఆగాకే కలుగుతుంది మరి.

"మన ప్రజలకు వేసవిలో సుఖంగా ఉండే టోపీ ఒకటి ఎంచండి," అని ఆజ్ఞ వేశాడు. ముగ్గురు పండితులతో సంఘం ఏర్పడింది. ముగ్గురికీ టోపీల గురించి బాగా తెలుసు. ఎండ గురించి చదివారు.

సంఘం వట్టివేళ్ల తడికలు కట్టిన గదిలో కూర్చుంది. తడికల మీద గంటకోసారి నీళ్లు చల్లుతున్నారు. టోపీలు పెట్టి చూడడానికి ఒక తల కావాలి. తమ తలలు వాడదామంటే వాటి నిండా జ్ఞానం. అందుకని రాళ్లు కొట్టే ఒక ఆడమనిషిని పిలిపించారు.

ఆమె ఆశగానే వచ్చింది. ముందురోజు వాళ్లక్కకు ఎండదెబ్బ తగిలింది. ఇంకోసారి ఉత్త తలతో ఎండలో కూర్చుంటే బతకదని వైద్యుడు చెప్పాడు. పనిలోకి రాకపోతే గుడిసె పీకేస్తానని మేస్త్రీ చెప్పాడు. ఒక్క మంచి టోపీ దొరికితే అక్క దక్కుతుంది.

పెద్ద పండితుడు నెమలీకలు గుచ్చిన టోపీ ఒకటి ఆమె నెత్తిన పెట్టించాడు. "సుఖంగా ఉందా?"

"ఈ గదిలో టోపీ లేకపోయినా సుఖంగానే ఉంటదయ్యా."

"సుఖంగా ఉంది," అని లేఖకుడు రాసుకున్నాడు.

"అట్టా కాదు దొరా. ఎండలోకి తీసుకెళ్లి సూడండి. ఒక్క గడియ."

"ఎండ సంగతి మా నివేదిక మొదటి అధ్యాయంలోనే తేల్చేశాం."

"పోనీ అంచు ఇంత వెడల్పు పెట్టించండి. మెడ మీద నీడ పడాల. గాలాడ్డానికి పైన సందులుండాల."

రెండో పండితుడు తల అడ్డంగా ఊపాడు. "అంచు వెడల్పుగా ఉంటే మీ మొహాలు కనపడవు. మొహం కనపడకపోతే కృతజ్ఞత ఎట్లా కనపడుతుందమ్మా?"

అంచు కత్తిరించారు.

"సందులు పెడితే రాజుగారి బొమ్మ ఎక్కడ వేయిస్తాం?" అన్నాడు మూడో పండితుడు.

సందులు మూసేశారు.

ఆమె ఆ టోపీని అటూ ఇటూ తిప్పి చూసింది. "అంచు లేదు, గాలి లేదు. ఇంక ఇందులో మిగిలిందేంటయ్యా?"

"రాజుగారు," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

టోపీలు కుట్టడానికి వారం పట్టింది. ఆ వారం అక్క వాటా రాళ్లు కూడా చెల్లెలే కొట్టింది. ఎనిమిదో రోజున మేస్త్రీ ఒప్పుకోలేదు. "టోపీ వచ్చిందిగా! ఇంకేం రోగం?" అని అక్కను లాక్కొచ్చి కూర్చోబెట్టాడు.

టోపీలు డప్పుల మోతతో దిగాయి. మందపాటి ఎర్ర మఖమల్. ముందు వైపు రాజుగారి బొమ్మ. చెమట ఆయన్ను తాకకుండా లోపల మైనం పూసిన గుడ్డ. టోపీతో పాటు ఒక ఆజ్ఞ కూడా దిగింది. ఎండ తగిలితే రాజుగారి మొహం వెలిసిపోతుంది. మొహం వెలిసిన టోపీ ఎవరి దగ్గర దొరికితే వాళ్లకు కొరడా దెబ్బలు. కనుక ఎండలో టోపీ పెట్టుకోరాదు.

"మరి ఎప్పుడు పెట్టుకోవాల బాబూ?" అని అక్క అడిగింది.

"నీడలో," అన్నాడు కాపలా భటుడు. అతను కూడా తన టోపీని డాలు కింద దాచుకుని ఉత్త తలతోనే నిలబడ్డాడు.

అందరూ టోపీలు ఒళ్లో పెట్టుకున్నారు. తమ ఒంటి నీడ వాటి మీద పడేలా వంగి కూర్చుని రాళ్లు కొట్టారు. రాజ్యంలో మొదటిసారి టోపీలకు వేసవి సుఖంగా గడిచింది.

మిట్టమధ్యాహ్నం అక్క పక్కకు ఒరిగిపోయింది. ఒరిగేటప్పుడు కూడా టోపీ మీంచి చెయ్యి తియ్యలేదు. భయం అంత గట్టిది.

చెల్లెలు ఎడ్ల నీళ్ల తొట్టి దగ్గరికి పరుగెత్తింది. దోసిట్లో నీళ్లు పట్టింది. దారిలోనే కారిపోయాయి. రెండోసారీ అంతే. మూడోసారి ఒళ్లోంచి జారిపడ్డ తన టోపీ తీసుకుంది. తిరగేసి తొట్టిలో ముంచింది. మైనపు గుడ్డ చుక్క కూడా వదల్లేదు.

"ఏయ్! రాజుగార్ని తలకిందులుగా పట్టుకుంటావా?" భటుడు కేకేశాడు.

"తలకిందులుగా పడితేనే నీళ్లు ఆగుతున్నాయి బాబూ."

ఆ నీళ్లు అక్క నెత్తిన పోసింది. ఇంకో టోపీడు పోసింది. మూడో టోపీకి అక్క కళ్లు తెరిచింది. నుదుటి మీంచి ఎర్రగా ధార కట్టింది. రక్తం కాదు, రంగు.

భటుడు వచ్చి టోపీ లాక్కుని చూశాడు. ముందు వైపు ఏమీ లేదు. "బొమ్మ ఏదే?"

"మా అక్క మొహం మీంచి కారిపోతోంది. తుడిచిమ్మంటారా?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒక ముసలాయన లేచి తన టోపీ తిరగేసుకుని తొట్టి వైపు నడిచాడు. అతని వెనక ఇద్దరు లేచారు. వాళ్ల వెనక ఎందరు లేచారో భటుడు లెక్క పెట్టలేకపోయాడు. అతని నాలుక కూడా పిడచ కట్టుకుపోయి ఉంది. డాలు కింద పెట్టి, టోపీ బయటకు తీశాడు.

మేడ మీంచి రాజు ఇదంతా చూస్తున్నాడు. తొట్టి చుట్టూ జనం వంగి ఉన్నారు.

"చూశారా! ఒక్కరు నిటారుగా లేరు. టోపీ సుఖంగా ఉంటే భక్తి దానంతట అదే వస్తుంది," అన్నాడు. పండితులు ముగ్గురూ ఔనన్నారు.

పక్కనున్న మంత్రికి చూపు బాగా ఆనుతుంది. తొట్టిలో నీళ్లు ఎర్రబడడం ఆయనకు కనిపించింది. చప్పుడు కాకుండా మెట్లు దిగి, పొద్దుగూకేలోగా పొలిమేర దాటాలని తన గుర్రానికి జీను వెయ్యమన్నాడు.