బాలింత కుంపటికి బొగ్గులు

"నల్లనల్లని పిల్లా, నీ ఒళ్లో ఏముందే?
ఎర్రనెర్రని పువ్వుంది. ఎవరికిస్తావే..."

ఆ తర్వాత ఏముందో మాణిక్యానికి ఎంతకీ గుర్తురాదు. చిన్నప్పుడు అమ్మ బొగ్గుల పొయ్యికి విసనకర్రతో విసురుతూ పాడేది. ఎవరికిస్తావే అన్న దగ్గర అమ్మకి దగ్గు తెర వచ్చేదో, పాటే అంతవరకో, అదీ తెలియదు.

మాణిక్యం ఎల్లమంద గురువు దగ్గరికొచ్చి ఏడాది దాటింది. ఆయనకి మఠం లేదు, కాషాయమూ లేదు. వాగు పక్కన బీడులో సర్కారు తుమ్మ కొట్టి, బొగ్గుల బట్టీ పెట్టుకుని బతికే మనిషి. సాయంత్రం పూట నలుగురు చేరితే తత్వం చెబుతాడు.

ఆమె తత్వం కోసం రాలేదు. పురిట్లోనే బిడ్డ పోయింది. ఆ దిగులు తిండి తిననివ్వదు, పని చేసుకోనివ్వదు. ఎవరు పలకరించినా ఆ కథే చెప్పి ఏడ్చేది. చివరికి పలకరించేవాళ్లే తగ్గిపోయారు.

"నా దుఃఖం బూడిదైపోవాలయ్యా. ఊదితే ఎగిరిపోవాలి. నాకింకేమీ వద్దు," అంది వచ్చిన రోజునే.

"బట్టీ దగ్గర కూర్చో," అన్నాడాయన.

ఇదేం ఉపదేశమో ఆమెకి అర్థం కాలేదు. కట్టె పేర్చడం, ఆకు కప్పడం, పైన తడిమట్టి మెత్తడం, పొగ పోయేందుకు బెజ్జాలు వదలడం నేర్చుకుంది. మండాల్సిన కట్టెకి గాలాడకుండా మట్టి కప్పడమెందుకో మాత్రం అంతుపట్టలేదు. ఇస్త్రీ బండతను వచ్చి బస్తా ఎత్తుకెళ్లేవాడు. కొలిమికి కావాలని కమ్మరి వచ్చేవాడు. ఒక ముసలాయన పళ్లు తోముకోవడానికి పిడికెడు అడిగేవాడు. వానాకాలం వాగు నీళ్లు తేరడానికి ఇసకతో పాటు కుండలో వేసుకుంటామని ఆడవాళ్లు వచ్చేవాళ్లు. ముట్టుకుంటే మసి అంటుకునే బొగ్గు, నీళ్ల మురికి తీయడమేమిటో!

"అసలు బొగ్గంటే ఏంటయ్యా? అది కట్టెనా, బూడిదా?" అని ఒకసారి అడిగేసింది.

ఆయన నవ్వి బీడీ వెలిగించుకున్నాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. వాగవతలి పల్లె నుంచి ఓబులమ్మ గోనెపట్టా కప్పుకుని వచ్చింది. ఆమె కోడలు నీళ్లాడి మూడు రోజులు.

"ఏం సామీ, జనాలకి మోక్షం తర్వాత పంచుదువుగానీ, ముందు నా మనవరాలికి నాలుగు బొగ్గులియ్యి. ఇంట్లో ఉన్నదంతా తడికట్టె. కుంపట్లో పెడితే పొగకి పసిగుడ్డు ఉక్కిరిబిక్కిరైపోతోంది. పెట్టకపోతే కాళ్లు చల్లబడుతున్నాయి."

ఉన్న బస్తాలన్నీ అంతకు ముందురోజే అమ్ముడుపోయాయి.

"ఎల్లుండికి బట్టీ దించుతా. నేనే పంపిస్తాలే, వానలో మళ్లీ రాకు," అన్నాడు గురువు.

ఆమె వెళ్లాక, కాలుతున్న బట్టీ కాపలా మొదటిసారి మాణిక్యానికి అప్పగించాడు. "పొగ తెల్లగా వస్తున్నంతసేపూ జోలికి పోకు. సన్నబడి నీలంగా మారితే నన్ను కేకెయ్యి."

మర్నాడు మధ్యాహ్నం పొగ సన్నబడింది. మాణిక్యం చూసింది. నీలమంటే ఇదేనా? లేక ముసురుకి నిప్పే చల్లారిపోయిందా? తన చేతిలో పెట్టిన నిప్పు ఆరిపోయిందంటే ఆయనకేం చెప్పాలి? చల్లబడే ఆ చిన్న కాళ్లు కళ్లముందు మెదిలాయి. కేకెయ్యడానికి భయమేసింది. లోపల నిప్పుందో లేదో ఒక్కసారి చూద్దామని గునపంతో మట్టి పెళ్లగించింది.

భగ్గుమని మంట బయటికి దూకింది.

గుడిసెలోంచి గురువు పరుగెత్తుకొచ్చి, ఇద్దరూ కలిసి తడిమట్టి కొట్టేసరికే సగం బట్టీ మండిపోయింది. ఆయన చేతుల మట్టి దులుపుకుని గుడిసెలోకి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనుకుంది మాణిక్యం.

బట్టీ పూర్తిగా చల్లారాక, మాటిచ్చిన రోజు పొద్దున్నే తవ్వారు. గాలి తగిలిన పైభాగమంతా తెల్లటి బూడిద. ఒక పక్క సగం కాలిన కొరకంచులు. అడుగున మాత్రం ఒక తట్టెడు మంచి బొగ్గు మిగిలింది.

గురువు మూడు పెంకులు తెచ్చాడు. ఒకదాంట్లో బూడిద పోసి పైన నిప్పు కణిక పెట్టాడు. అది కాసేపు ఒంటరిగా ఎర్రబడి ఆరిపోయింది.

"నువ్వడిగింది ఇదే కదా," అన్నాడు.

మాణిక్యం ఆరిన కణికని వేలితో కదిపింది.

రెండో పెంకులో కొరకంచు ముక్క పెట్టాడు. గుప్పున పొగ లేచింది. ఇద్దరికీ కళ్లెంట నీళ్లు కారాయి. దగ్గుతూ దాన్ని దూరంగా నెట్టాడు.

మూడో దాంట్లో బొగ్గు. చప్పుడు లేదు, పొగ లేదు. అంచు నుంచి మెల్లగా ఎర్రబడింది. మాణిక్యం తనకి తెలియకుండానే దాని మీద అరచేతులు చాపింది.

"బాలింత గదికి ఏది పంపుదాం?"

"ఈ బొగ్గేనయ్యా. వేరే ఏది పనికొస్తుంది?"

"అయితే తట్టకెత్తు. నువ్వే పట్టుకెళ్లు."

ఆమె చటుక్కున చేతులు వెనక్కి తీసుకుంది. "నేనా? బిడ్డని పోగొట్టుకున్నదాన్ని, నన్ను బాలింత గుమ్మం తొక్కనిస్తారా? ఓబులమ్మ చీపురు తిరగేస్తుంది."

"తిరగేస్తే తిరగేస్తుంది. బొగ్గులైతే కావాలిగా."

"నవ్వులాట కాదయ్యా. నా నీడ పడి ఆ పిల్లకేమన్నా అయితే?"

ఆయన తన తలగుడ్డ విప్పి చుట్టకుదురు చేసి ఆమె తల మీద పెట్టాడు. తట్ట ఎత్తాడు. తడవకుండా పైన తాటాకు కప్పాడు.

బట్టీ పాడుచేసినందుకు ఇది శిక్షా? ఏడాదిగా ఎదురుచూసిన ఉపదేశమా? మాణిక్యానికి ఏమీ పాలుపోలేదు. కాళ్లు మాత్రం వాగు వైపు నడిచాయి. పది అడుగులు వేసిందో లేదో, వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"గుమ్మంలోనే నిలబడిపోకు తల్లీ. కుంపటి మీద చేతులు కాచుకో. వెచ్చబడ్డాకే బిడ్డనెత్తుకో."