ఊరు విడిచేవాడి మూట

అనగనగా, గాడిదకు కూడా రాజోద్యోగం ఉన్న రోజుల్లో, గవ్వలదిన్నె అని ఒక ఊరు. ఆ ఊరి నడిమధ్య ఒక కరువుగాదె. అది ఎంత పెద్దదంటే, దాని నీడలో పొద్దున పడుకున్న దూడ లేచేసరికి ఎద్దయ్యేదట.

పంట ఇంటికి రాగానే ప్రతి ఇల్లూ ఒక జొన్నల మూట ఆ గాదెకు ఇవ్వాలి. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు, పిడికెడు బూడిద కలిపి మరీ ఇవ్వాలి. గాదెదారు మనుషులు నిచ్చెనెక్కి, పైకంతలోంచి ఆ గింజలు పోస్తారు. కింద తలుపుంది. కరువొస్తే తప్ప ఆ తలుపు తీయకూడదు. తాళంచెవి గాదెదారు మొలతాడుకు వేలాడుతుంటుంది.

ఆ గాదెదారు పేరు పుండరీకయ్య. ఆయన మీసం ఒక కొసన దీపం పెడితే రెండో కొసకు వెలుగు అందేది కాదు. పొట్టేమో ఆయనకన్నా ముందే సభకు చేరి, మంచి చోటు చూసుకుని కూర్చునేది.

ఆ రాజ్యంలో ఒక చట్టం ఉంది. పెద్దమనిషి మీద నింద వేసినవాడు రుజువు చేయలేకపోతే, వాణ్ని గాడిదెక్కించాలి. నింద పడ్డ పెద్దమనిషే స్వయంగా పలుపు పట్టుకుని ఊరంతా తిప్పి, పొలిమేర దాటించాలి. ఆ చట్టానికి చివర పూర్వులు ఒక చిన్న మాట తగిలించారు. ఊరు విడిచేవాడి గింజను ఊరు ఉంచుకోకూడదు, గాదెలోంచి వాడి మూట వాడికిచ్చి పంపాలి అని.

మొదట కుమ్మరి ఎల్లమంద నోరు జారాడు. కుండను తట్టి చూసే అలవాటు కొద్దీ గాదె గోడను తట్టాడట. డొల్లగా మోగిందన్నాడు. పుండరీకయ్య పరుగున రాజుగారి దగ్గరికెళ్ళి, పరువు పోయిందని ఏడ్చాడు. ఆ కన్నీళ్ళకు కొలువులో మోకాళ్ళలోతు నీళ్ళు నిలిచాయి. లోపలికెళ్ళి కళ్ళారా చూశావా అని రాజుగారు అడిగితే, తాళంచెవి పుండరీకయ్య మొలనుంటే ఎల్లమంద ఎలా చూస్తాడు? లేదన్నాడు. గాడిదెక్కాడు.

తర్వాత గొర్రెలకాపరి బీరప్ప. గాదె చుట్టూ ఎలుకలు కనబడటం మానేశాయన్నాడు. అయితే ఎలుకల్నే సాక్ష్యానికి పిలిపించమన్నాడు పుండరీకయ్య. అవి రాలేదు. బీరప్ప గాడిదెక్కాడు.

మూడోవాడు బండి తోలే గురవయ్య. గాదె వెనక కొత్త బండిచాళ్ళు ఉన్నాయని, వచ్చిన జాడ తేలిగ్గా, పోయిన జాడ లోతుగా ఉందని అన్నాడు. సభ చేరేలోపు ఎవరో ఆ జాడల మీద పేడనీళ్ళు చల్లి, ముగ్గులు కూడా వేశారు. గురవయ్యా గాడిదెక్కాడు.

ఈ గురవయ్య పెళ్ళామే నాంచారి. అనుమానానికి కాళ్ళొస్తే నాంచారిలాగే నడిచేది. పాలు పలచగా ఉంటే గేదెను పక్కకు పిలిచి నిలదీసేది. అద్దంలో తన మొహం కనబడినా, "నువ్వెవరే?" అని ఒకసారి అడిగి గాని బొట్టు పెట్టుకునేది కాదు.

పొలిమేర దగ్గర మొగుడి మూటలోనూ అలాగే చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పెట్టి, పిడికెడు గింజలు తీసి వాసన చూసింది.

"మావా, ఇందులో వేపాకేదీ? బూడిదేదీ?"

"నాకు ఊరే పోయింది, నీకు వేపాకు కావాల్సొచ్చిందా?" అన్నాడు గురవయ్య.

"ఇవి గాదె గింజలు కావు. గాదెదారు ఇంటి గింజలు. నీకొక్కడికి గాదె తెరవడానికి ఆయనకెందుకు మనసొప్పలేదో?"

గురవయ్య భయపడి ఆమె నోరు మూశాడు. ఇక ఊరుకోమని, ఇద్దరం గాడిదెక్కితే పిల్లలకు దిక్కెవరని బతిమాలి, వాగు దాటి పక్క ఊరికి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు వాన రాలేదు. మబ్బు పట్టేది, ఊళ్ళోకి తొంగి చూసేది, సిగ్గుపడి వెళ్ళిపోయేది. చేలు ఎంతగా బీటలు వారాయంటే, కోడిపిల్ల ఒక పగులులో పడి పక్క ఊళ్ళో తేలిందట. నాంచారి పిల్లలు అడుగంటిన కుండను గోకి గోకి, దాని అడుగున కొత్తగా ఒక కన్నం చేశారు. జనం వెళ్ళి గాదె తెరవమని వేడుకున్నారు. ఇంకా కరువు రాలేదని, చెట్లకు ఆకులున్నంతవరకు దాన్ని కరువనరని పుండరీకయ్య తేల్చేశాడు.

ఆకులు తింటూ జనం గుసగుసలాడుకున్నారు. అయితే గుసగుసకూ భయమే. ఎదురింటివాడు వెళ్ళి చెబుతాడేమోనని ఇతడికి, ఇతడు చెబుతాడేమోనని ఎదురింటివాడికి. ఎవరైనా దగ్గినా, అది పుండరీకయ్యకు సైగేమోనని పక్కవాళ్ళు తలుపులు మూసుకునేవాళ్ళు.

నాంచారి ఒక్కో గుమ్మమే ఎక్కి దిగింది. అందరిదీ ఒకటే మాట. గాదె ఖాళీయేనని మాకూ తెలుసు, ముందు నువ్వు అను, వెనక మేమంటాం అని. చాకలి సుబ్బులైతే మొహం మీదే అడిగేసింది.

"నువ్వన్నాక మేమనకపోతే ఏం చేస్తావే, నాంచారక్కా?"

"అందుకే నేను ముందనను. నిన్ను నేను నమ్మను, నువ్వు నన్ను నమ్మకు. ఒక్కటి చెప్పు. గాదెదారు అరుగు మీద గాడిదెక్కేవాళ్ళ కోసం కట్టి ఉంచిన మూటలు ఎన్ని ఉంటాయి?"

"ఎన్నుంటాయి, రెండో మూడో."

"ఊరంతా గాడిదెక్కితే?"

సుబ్బులు నోరు తెరిచింది. అది మూతపడేసరికి ఒక ఈగ లోపలికెళ్ళి, కాపురం చూసుకుని, బయటికొచ్చిందట.

ఇక మిగిలింది ఒకటే. అందరూ ఒకేసారి అనాలి. ఒకరినొకరు నమ్మనివాళ్ళు ఒకేసారి ఎలా అంటారు? దానికీ నాంచారే ఉపాయం చెప్పింది. అందరూ నోటి నిండా నీళ్ళు పట్టుకుని నిలబడాలి. డప్పు మోగగానే నీళ్ళు ఉమ్మి, మాట అనాలి. అననివాడి బుగ్గలు ఉబ్బే ఉంటాయి. వాణ్ని వెతకనక్కర్లేదు.

గాదెపూజ రోజున రాజుగారు వచ్చారు. పుండరీకయ్య పట్టుపంచె కట్టి పక్కన నిలబడ్డాడు. ఊరంతా బుగ్గలు ఉబ్బించుకుని వచ్చింది. ఊళ్ళోవాళ్ళందరికీ ఒక్కరోజే పంటినొప్పి వచ్చిందేమోనని రాజుగారు జాలిపడ్డారు కూడా.

డప్పు మోగింది. ఆ ఉమ్మిన నీళ్ళకు ఎండిన వాగు కాసేపు పారింది.

"గాదె ఖాళీ," అంది ఊరు.

ఒక్కడి బుగ్గలు మాత్రం అలాగే ఉన్నాయి. వాడు పుండరీకయ్యకు మీసం దువ్వే మంగలి వీరాస్వామి. ఊరి కళ్ళన్నీ వాడి బుగ్గల మీద వాలాయి. పెళ్ళాం నడుం మీద ఒక్క గిచ్చు గిచ్చింది. నీళ్ళు పుండరీకయ్య పట్టుపంచె మీద పడ్డాయి, వెనకే మాటా పడింది.

పుండరీకయ్య గుండెలు బాదుకున్నాడు. ఇంతమంది కూడబలుక్కుని తన పరువు తీశారని, అందరినీ ఊరు దాటించాలని పట్టుబట్టాడు. రాజుగారు మంచివారే, కాకపోతే లేచి వెళ్ళి చూడటానికి బద్ధకం. ఆయనకిప్పుడు ఒక దిగులు పట్టుకుంది.

"ఊరంతా పోతే నేనెవరికయ్యా రాజును?"

"కొత్త జనాన్ని తెచ్చుకుందాం ప్రభూ. చట్టం చట్టమే."

అంత తొందరెందుకా అని రాజుగారి కనుబొమ మొదటిసారి కాస్త పైకి లేచింది. అయినా ఊరిని అడిగారు, కళ్ళారా చూశారా అని. చూడలేదన్నారు. అయితే అందరూ వెళ్ళండన్నారు. కొంతమంది ఆడవాళ్ళు ఏడుపందుకున్నారు. నాంచారికీ ఇప్పుడు తన మీదే అనుమానం. గాదె నిండుగా ఉంటే, తన మాట పట్టుకుని ఊరు ఊరంతా వీధిన పడుతుంది. పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని ముందుకొచ్చింది.

"దొరా, వెళ్తాం. చట్టం చట్టమేనని అయ్యగారే అన్నారు. మా మూటలు మాకిప్పించండి."

పుండరీకయ్య చిటికె వేశాడు. అరుగు మీది మూట వచ్చింది, మొదటి ఇంటికి ఇచ్చారు. రెండోది వచ్చింది, ఇచ్చారు. మూడోది వచ్చింది, ఇచ్చారు. తర్వాత చిటికె వేసినా ఏదీ రాలేదు. నాంచారి ఆ మూడు మూటలూ విప్పి రాజుగారి ముందు కుమ్మరించింది.

"వేపాకు ముక్క ఒక్కటి ఏరి చూపించమనండి, నడిచే వెళ్ళిపోతాం. గాడిదకు కూడా శ్రమ వద్దు."

జల్లించి ఇచ్చానన్నాడు పుండరీకయ్య. సరే, మిగతా మూటలు గాదెలోంచి తీయమన్నారు రాజుగారు. ఇవాళ మంచిరోజు కాదన్నాడు. పోనీ తాళంచెవి ఇమ్మన్నారు. అది పోయిందన్నాడు. మొలతాడుకు వేలాడుతున్న ఆ చెవి, ఆయన వణుకుతుంటే, తానే గణగణ మోగింది.

రాజుగారు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తనంతట తాను లేచారు. వెళ్ళి తలుపు తీశారు. లోపల చీలమండ దాకా ఊక, ఆ ఊకలో ఒక పిల్లి. ఎలుకలు లేక అది ఎంత చిక్కిపోయిందంటే, ముందు నిలబడితే వెనకున్న గోడ కనబడింది.

రాజుగారు వెతికిస్తే, గింజలన్నీ పుండరీకయ్య వియ్యంకుడి కొట్టాల్లో దొరికాయి. వెనక్కి తెచ్చిన బండ్ల వరస చివర చూడాలంటే ఒక పూట నడవాలి. గురవయ్య, ఎల్లమంద, బీరప్ప తిరిగొచ్చారు. పుండరీకయ్య గాడిదెక్కాడు. నింద పడ్డవాళ్ళే పలుపు పట్టాలి కనుక ఊరంతా పట్టుకుంది. దానికోసం కొత్త తాడు పేనాల్సొచ్చింది.

పొలిమేర దగ్గర పుండరీకయ్య గాడిద మీంచే గొణిగాడు, తన మూట తనకివ్వాలని, చట్టం చట్టమేనని. నిజమే కదా అంది నాంచారి. గాదెలో ఆయన మిగిల్చినదంతా చీపురుతో ఊడ్చి, గోనెలో కట్టి, ఒళ్ళో పెట్టింది. గాలికి ఆ ఊక ఎగిరి మీసమంతా అంటుకుంది.

రాజుగారు చట్టాన్ని తీసేయలేదు. ఊరికే బురద చల్లేవాళ్ళ కోసం గాడిదను ఉంచారు. కాకపోతే పరువు పోయిందని వచ్చే పెద్దమనిషి, ఏడవకముందే తాళంచెవి తెచ్చి సభలో పెట్టాలన్నారు. కొత్త గాదెదారు పని నాంచారికిచ్చారు. తాళంచెవి మొలకు కట్టుకున్న మొదటిరోజే ఆమె బయటికొస్తుంటే, ఒకడు దారికడ్డంగా నిలబడి, గింజలేమైనా ఉన్నాయేమో కొంగుముడి విప్పి చూపమన్నాడు. గురవయ్యే. నాంచారి కొంగు దులిపి చూపించి, "రేపూ అడుగు మావా," అంది.

కనుక పిల్లలూ, పరువు ఉన్న పెద్ద తలుపు తీసి చూపిస్తాడు, తీయని తలుపు ముందు ఊరంతా కలిసి నిలబడి అడగాలి.