మిగిలిన ఇనుము

"జనవరి నెలాఖరుకల్లా నీ మందును ఎలుకల పరీక్షకు పంపిస్తాను, ఏసుపాదం."

ప్రొఫెసర్ మునిలక్ష్మి అన్న మాట అది. జూన్ వచ్చింది. సీసా ఇంకా ల్యాబ్ ఫ్రిజ్‌లోనే ఉంది.

ఏసుపాదం చెల్లెలు రూతుకి తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతో వచ్చే ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోతోంది. కణం ఇనుమును ప్రోటీన్ గుప్పిట్లో దాచుకుంటుంది. ఆ గుప్పిట విప్పే మందు కోసం అతను రెండేళ్లు కష్టపడ్డాడు.

"అన్నా, నేనెప్పుడు వాలీబాల్ ఆడతాను?" ప్రతి ఆదివారం ఫోన్‌లో రూతు అడిగేది అదొక్కటే.

ఆ రోజు తలుపు తట్టకుండానే మేడమ్ గదిలోకి వెళ్లి, బల్ల మీద ఆమె పేరున నోటీసుగా రాసిన ఒక కాగితం పెట్టాడు.

"శాస్త్రం ప్రజల సొత్తు మేడమ్, ఫ్రిజ్‌ది కాదు! బందీ అయినదంతా బయటికి రావాల్సిందే!"

"గోడ మీద రాసుకునే మాటలు తర్వాత. కూర్చో నాయనా. కణాల మీద నీ మందు పోస్తే ఏమైంది?"

"ఇనుము బయటికొచ్చింది."

"కణాలు?"

మూడో రోజుకు సగం కణాలు, బయటికొచ్చిన ఇనుము రేపిన ఆక్సిజన్ దాడికి పొరలు చిట్లి చచ్చిపోయాయి. అది అతని నోట్‌బుక్ చివరి పేజీలో ఉంది.

"నేను మాటిచ్చింది ఆ పేజీ చూడకముందు," అంది ఆమె.

లేచి, బీరువాలోంచి పాత కలంకారీ గుడ్డ తీసి అతని చేతికిచ్చింది.

"కాళహస్తిలో మా నాన్న వేసింది. విప్పు."

విప్పాడు. గుమ్మంలో నిలబడి ఎవరికోసమో చూస్తున్న ఆడమనిషి. చీర ఎరుపు అలాగే ఉంది. నల్ల గీతలున్న చోటల్లా బట్ట పొడిపొడిగా అతని ఒళ్లో రాలింది. బొమ్మలో ఆమెకు కళ్లు మిగల్లేదు.

"ఆ నలుపు ఇనుప తుప్పు నీళ్లే. కరక్కాయ పొడి కలిపిన పాలలో బాగా నానిన బట్ట ఆ ఇనుమును పట్టి ఉంచుతుంది. నానబెట్టే పని నాది. పన్నెండేళ్ల దాన్ని, ఆటకు వేళయిందని ముందే తీసేశాను. పట్టు దొరకని ఇనుము బట్టనే తినేసింది. ఆ బొమ్మలో ఉన్నది మా అమ్మ. అమ్మకు ఇంకో బొమ్మ గానీ ఫొటో గానీ లేదు."

ఏసుపాదం ఒళ్లోని నల్లపొడిని అరచేతిలోకి ఎత్తుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"ఇలా ఇవ్వు," అంటూ ఆమె దోసిలి పట్టింది.

పొడి ఆమె దోసిట్లో పోసి, బల్ల మీది కాగితం వెనక్కి తీసుకున్నాడు. పైనున్న మేడమ్ పేరు కొట్టేసి తన పేరు రాసుకున్నాడు. ఆమె మీద రాసిన నాలుగు ఆరోపణలూ కొట్టేసి, కింద ఒక్క ప్రశ్న రాశాడు.

"బయటికి తీసిన ఇనుమును ఎవరు పట్టుకుంటారు?"

నోటీసులోని చివరి వాక్యం మాత్రం ముట్టుకోలేదు.

"సెప్టెంబర్ 30లోపు జవాబు ఇచ్చి తీరాలి."